సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ వేశాను, సీ లాంగ్వేజ్ అంతంత మాత్రమే వచ్చు, ప్రాజెక్టుకి నేనేం పంపగలను? – సమాధానం

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు తమ్ముడు అడిగింది రెండు ముక్కల్లో చెప్తాను. తిరుపతిలో ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వచ్చిన పాత బిజినెస్ ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాడు, దాంట్లో ఓపెన్‌బీఎస్‌డీ (లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేశాడు, వైఫై వచ్చింది గానీ టచ్‌ప్యాడ్ చచ్చినట్టు పడుంది, మూత మూసి తెరిస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతా ఉంది. "అక్కా, నాకు సీలో పాయింటర్ల దాకానే వచ్చు, కెర్నల్ (సిస్టమ్‌కి గుండె లాంటి ప్రోగ్రాం) రాసేవాళ్ళకి నేను ఏం పంపితే పనికొస్తుంది, పంపితే తిడతారా, ఇదంతా రెజ్యూమేలో పెట్టుకోవచ్చా" అని అడిగాడు. నేను రేణిగుంట సైడు ఒక ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూస్తాను, మా ఫైర్‌వాల్స్ అన్నీ ఓపెన్‌బీఎస్‌డీ మీదే నడుస్తాయి, అప్పుడప్పుడూ చిన్న చిన్న డిఫ్‌లు (కోడ్‌లో ఏ లైన్లు మారాయో చూపించే ఫైళ్ళు) పంపతా ఉంటాను, ఆ అనుభవంతో చెప్తా ఉన్నా.

మొదట ఒకటి బుర్రలో పెట్టుకో తమ్ముడూ, నీ చేతిలో ఉండే మెషీన్ వాళ్ళ చేతిలో లేదు. కోడ్ రాసేవాళ్ళు ఉన్నారు, నీకంటే బాగా రాస్తారు, ఆ కొరత నువ్వు తీర్చనక్కర్లేదు. కానీ ఒకే మోడల్ పేరు మీద కంపెనీలు ఒక బ్యాచ్‌లో ఒక వైఫై కార్డు, ఇంకో బ్యాచ్‌లో ఇంకో కార్డు వేసి అమ్ముతాయి, టచ్‌ప్యాడ్ కూడా ఒకదాంట్లో సినాప్టిక్స్‌ది ఉంటే ఇంకోదాంట్లో ఎలాన్‌ది ఉంటుంది. కాల్గరీలోనో జర్మనీలోనో కూర్చున్న డెవలపర్ దగ్గర అదే మోడల్ ఉన్నా అదే టచ్‌ప్యాడ్ ఉంటుందని గ్యారంటీ లేదు. 1995లో థియో డి రాట్ నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ప్రాజెక్టు నుంచి విడిపోయి ఈ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పటి నుంచి ఇది చిన్న టీమే, వెనకాల వేల ల్యాప్‌టాప్‌లు పెట్టుకున్న టెస్టింగ్ ల్యాబ్ ఏమీ లేదు. అందుకే నువ్వు పంపే హార్డ్‌వేర్ రిపోర్టుకి విలువ, నీకు సీ ఎంత వచ్చు అనేది వాళ్ళు చూడరు.

సరే, పనిలోకి దిగుదాం. ఇన్‌స్టాల్ అయిన వెంటనే చేయాల్సిన మొదటి పని డీమెసేజ్ పంపడం. టైప్ చేసేటప్పుడు డి, ఎం, ఇ, ఎస్, జి అంతే, మేం మాటల్లో డీమెసేజ్ అంటాం. బూట్ అయ్యేటప్పుడు తెల్ల అక్షరాలు గబగబా పోతాయి కదా, అదంతా దాంట్లో ఉంటుంది. డీమెసేజ్ ఎట్ ఓపెన్‌బీఎస్‌డీ డాట్ ఆర్గ్ అని దీనికోసమే ఒక అడ్రస్ పెట్టారు. చాలామంది అనుకునేది ఏంటంటే ఏదైనా పని చేయకపోతేనే పంపాలని. అదేం లేదు, అన్నీ బ్రహ్మాండంగా పని చేసినా పంపొచ్చు, ఏ చిప్పులు జనం దగ్గర ఇంకా వాడకంలో ఉన్నాయి, ఏ డ్రైవర్ (చిప్పుని నడిపే కోడ్) ఎవరూ వాడటం లేదు అనేది వాళ్ళకి అక్కడి నుంచే తెలుస్తుంది. సబ్జెక్ట్‌లో మోడల్ పేరు, ఏది పని చేస్తోంది ఏది చేయట్లేదు అని ఒక ముక్క రాయి. డీమెసేజ్ కింద సెన్సార్ల లిస్టు కూడా కలుపు, సిస్‌సీటీఎల్ కమాండ్‌కి హెచ్‌డబ్ల్యూ డాట్ సెన్సార్స్ ఇస్తే టెంపరేచర్, ఫ్యాన్, బ్యాటరీ అన్నీ చూపిస్తుంది. కెర్నల్ మాత్రం వాళ్ళిచ్చిన జెనరిక్ కెర్నలే ఉండాలి, నువ్వు ఏదో కత్తిరించి కట్టుకున్న కెర్నల్‌తో పంపితే ఎవరూ చూడరు, చూడకపోవడం న్యాయమే. ఇంకోటి, దాంట్లో నీ వైఫై కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు గుర్తింపు నంబరు) ఉంటుంది, అది బయటికి పోవడం నీకు ఇబ్బందైతే చివరి అక్షరాలు చెరిపేసి పంపు, మిగతా ఏ లైనూ ముట్టుకోవద్దు.

పంపేముందు నువ్వు కూడా ఒకసారి చదువు, చదవడం వస్తే సగం పని అయినట్టే. పైన ఓపెన్‌బీఎస్‌డీ వెర్షను, కెర్నల్ కట్టిన తేదీ ఉంటాయి. కిందికి పోతే బయోస్ (మెషీన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) లైను, కంపెనీ పేరు, బయోస్ వెర్షను, దాని తేదీ. తర్వాత ప్రాసెసర్లు. ఆ తర్వాత ఒక్కొక్క లైనూ "ఫలానా డ్రైవర్ ఫలానా బస్సు మీద ఫలానా చోట కూర్చుంది" అని చెప్తా పోతుంది. బస్సు అంటే ఇక్కడ చిప్పులని కలిపే దారి. నువ్వు వెతకాల్సింది చివర్లో "నాట్ కాన్ఫిగర్డ్" అని ఉండే లైన్లు. ఇవి రెండు రకాలు. ఒకదాంట్లో చిప్పు పేరు శుభ్రంగా ఉంటుంది, రియల్‌టెక్ ఫలానా నంబరు అని, చివర్లో నాట్ కాన్ఫిగర్డ్ అని. అంటే అదెవరో సిస్టమ్‌కి తెలుసు, కానీ పలకరించే డ్రైవర్ లేదు. ఇంకో రకంలో వెండర్ ఇంటెల్, అన్‌నోన్ ప్రోడక్ట్ అని రాసి పక్కన సున్నా ఎక్స్ పెట్టి నాలుగక్షరాల హెక్స్ నంబరు ఉంటుంది, బ్రాకెట్లో క్లాసు, సబ్‌క్లాసు ఉంటాయి. అంటే పేరు కూడా తెలీదు. మొదటిసారి డిఫ్ పంపేవాళ్ళకి ఈ రెండో రకం మంచి అవకాశం.

ఎట్లాగంటే, కెర్నల్ సోర్సులో (అసలు కోడ్‌లో) పీసీఐడెవ్స్ అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంది, సిస్, డెవ్, పీసీఐ ఫోల్డర్లో. ఒక్కో లైనులో ప్రోడక్ట్ అనే మాట, వెండర్ పేరు, చిప్పుకి ఒక పొట్టి పేరు, ఆ హెక్స్ నంబరు, మనుషులు చదివే పేరు, అంతే. నీ నంబర్ ఎవరిదో చిప్పు కంపెనీ డేటాషీట్లోనో లినక్స్ వాళ్ళ పీసీఐ ఐడీల జాబితాలోనో దొరుకుతుంది, డేటాషీట్ దొరికితే దాన్నే నమ్ము. నంబర్ల వరసలో సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడ ఒక లైను చేర్చి, పైనా కిందా ఉండే పేర్లు ఎట్లా పెట్టారో చూసి అదే పద్ధతిలో పేరు పెట్టి, అదే ఫోల్డర్లో మేక్ కొడితే దాన్నించి రెండు హెడర్ ఫైళ్ళు తయారవుతాయి. డిఫ్‌లో మాత్రం పీసీఐడెవ్స్ మార్పు ఒక్కటి పంపితే చాలు, ఆ తయారయ్యే ఫైళ్ళని కమిట్ చేసేవాళ్ళే (మార్పుని అసలు సోర్సులో కలిపేవాళ్ళే) మళ్ళా పుట్టించుకుంటారు. దీనివల్ల డివైస్ పని చేయడం మొదలుపెట్టదు, పేరు మాత్రమే వస్తుంది, కానీ తర్వాత డ్రైవర్ రాసేవాడికి ఆ పేరే కావాలి. కొన్నిసార్లు డ్రైవర్ ముందే ఉంటుంది, కొత్త చిప్పు పాత చిప్పుకి తమ్ముడే, డ్రైవర్ లోపలుండే టేబుల్లో దాని ఐడీ లేకపోవడమొక్కటే లోటు. అట్లాంటప్పుడు ఆ టేబుల్లో ఒక లైను వేసి కెర్నల్ కట్టి చూస్తే డివైస్ లేచి కూర్చుంటుంది.

దీనికి మన దగ్గర బాగా కనిపించే ఉదాహరణ యూఎస్‌బీ డాంగిల్స్. జియో రాకముందు హాస్టళ్ళలో అందరి దగ్గరా ఉండేవే, ఇప్పటికీ మా ఆఫీసులో బ్యాకప్ లైనుకి ఒకటి వాడతాం. ఇవి పెట్టగానే మోడెమ్ లాగా కనబడవు, సీడీ డ్రైవ్ లాగా కనబడతాయి, విండోస్ డ్రైవర్ లోపల పెట్టుకుని "ముందు నన్ను ఇన్‌స్టాల్ చెయ్" అంటాయి. దానికో ప్రత్యేకమైన కమాండ్ పంపితే అప్పుడు సీడీ వేషం తీసేసి మోడెమ్‌గా మళ్ళా వస్తాయి. లినక్స్‌లో ఆ పని యూఎస్‌బీ మోడ్‌స్విచ్ చేస్తుంది, ఓపెన్‌బీఎస్‌డీలో యూఎంఎస్ఎం అనే డ్రైవరే చేస్తుంది, దాని టేబుల్లో ప్రతి డాంగిల్‌కీ వెండరు, ప్రోడక్టు, ఏ రకం కమాండ్‌కి వేషం మారుస్తుందో ఒక ఫ్లాగు ఉంటాయి. నీ డాంగిల్ దాంట్లో లేకపోతే యూఎస్‌బీడెవ్స్‌లో (పీసీఐడెవ్స్ లాంటిదే, యూఎస్‌బీ జాబితా) ఒక లైను, ఈ టేబుల్లో ఒక లైను. ఇంతే ప్యాచ్, అంటే నువ్వు పంపే డిఫ్. కానీ ఆ ఫ్లాగు ఏదో ఆ డాంగిల్ చేతిలో ఉన్నోడు మాత్రమే పెట్టి తీసి పెట్టి తీసి కనిపెట్టగలడు.

ఇప్పుడు నీ టచ్‌ప్యాడ్ సంగతి. పాత ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ పీఎస్‌టూ మౌస్ లాగా పలికేది, పీఎంఎస్ డ్రైవర్ దాన్ని పట్టుకునేది. రవంత కొత్తవాటిల్లో ఐటూసీ అనే బస్సు మీద ఉంటుంది, అక్కడ ఒక గొలుసు ఉంది. ఇంటెల్ మెషీన్లలో ముందు డీడబ్ల్యూఐఐసీ అనే కంట్రోలర్ కనబడాలి, దాని మీద ఐఐసీ బస్సు, బస్సు మీద ఐహిడెవ్, దాని మీద ఐఎంటీ, చివరికి డబ్ల్యూఎస్‌మౌస్. ఈ ఐదిట్లో ఎక్కడి దాకా వచ్చి ఆగిందో నీ డీమెసేజ్‌లో చూడు. డీడబ్ల్యూఐఐసీ కూడా లేకపోతే అది కంట్రోలర్ ఐడీ సమస్య, పైన చెప్పిన టేబుల్ కతే కావచ్చు. ఐహిడెవ్ దాకా వచ్చి ఆగితే టచ్‌ప్యాడ్ పలుకుతోంది గానీ అది చెప్పే రిపోర్టు ఫార్మాట్ డ్రైవర్‌కి అర్థం కావట్లేదు. అన్నీ వచ్చి కూడా బాణం కదలకపోతే ఇంటరప్ట్ (చిప్పు ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్) రావడం లేదేమో, వీఎంస్టాట్ కమాండ్‌కి మైనస్ ఐ ఇచ్చి, టచ్‌ప్యాడ్ మీద వేలు రుద్ది, మళ్ళా అదే కమాండ్ ఇచ్చి ఐహిడెవ్ పక్కన నంబరు పెరిగిందా లేదా చూడు. ఇంకా ముందు, బయోస్‌లోకి పోయి టచ్‌ప్యాడ్ డిసేబుల్ అయిందేమో చూసుకో, సెకండ్ హ్యాండ్ మెషీన్ కదా, ముందు వాడినాయన మౌస్ పెట్టుకుని దాన్ని ఆపేసి ఉండొచ్చు. "టచ్‌ప్యాడ్ పని చేయట్లేదు" అని రాస్తే డెవలపర్ పది ప్రశ్నలు అడగాలి, "ఐహిడెవ్ దాకా వస్తోంది, ఇంటరప్ట్ కౌంట్ కదలట్లేదు" అని రాస్తే నేరుగా ఆ ఫైలు తెరుస్తాడు.

మూత సమస్య దీనికంటే కష్టం, ఎందుకంటే స్లీప్ నుంచి లేచేటప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి స్క్రీన్ ఉండదు. అయినా చూడాల్సినవి ఉన్నాయి. డీమెసేజ్‌లో ఏసీపీఐ (బయోస్, సిస్టమ్ కలిసి పవర్ చూసుకునే పద్ధతి) సున్నా స్లీప్ స్టేట్స్ అని ఒక లైను ఉంటుంది, దాంట్లో ఎస్3 (ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయే నిద్ర) ఉందా లేదా చూడు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 తీసేసి ఎస్0 మీదే నిద్ర పుచ్చుతున్నారు, కొన్ని బయోస్‌లలో లినక్స్ స్లీప్ అనో ఎస్3 అనో మార్చుకునే ఆప్షన్ ఉంటుంది. తర్వాత మూతతో కాకుండా జడ్‌జడ్‌జడ్ కమాండ్‌తో పడుకోబెట్టు, దానికి ఏపీఎండీ అనే ప్రోగ్రాం వెనకాల నడస్తా ఉండాలి. ఒకసారి ఎక్స్ (విండోలు చూపించే గ్రాఫిక్స్ ప్రోగ్రాం) లేకుండా ఉత్త కన్సోల్ నుంచి, ఒకసారి ఎక్స్‌లో నుంచి. కన్సోల్లో లేచి ఎక్స్‌లో లేవకపోతే గ్రాఫిక్స్ వైపు అనుమానం. నల్ల స్క్రీన్ మీద క్యాప్స్‌లాక్ నొక్కితే లైటు వెలుగుతోందా? ఫోన్ నుంచి దానికి పింగ్ పోతోందా, ఎస్ఎస్‌హెచ్‌తో (ఇంకో మెషీన్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి పోగలుగుతున్నావా? పోగలిగితే మెషీన్ బతికే ఉంది, స్క్రీన్ ఒక్కటే లేవలేదు, అప్పుడు ఆ ఎస్ఎస్‌హెచ్‌లోనే డీమెసేజ్ తీసి దాచుకో, అది బంగారం. ఓపెన్‌బీఎస్‌డీలో ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ కోడ్ లినక్స్ నుంచి తెచ్చుకున్నదే, కాబట్టి అదే మెషీన్లో ఒక లినక్స్ లైవ్ యూఎస్‌బీ పెట్టి అక్కడ లేస్తోందో లేదో కూడా ఒక లైను రాస్తే చాలా ఉపయోగం.

రిపోర్ట్ పంపేముందు స్నాప్‌షాట్‌లో (రిలీజ్‌ల మధ్యలో వచ్చే తాజా కాపీలో) చూడాలి, ఇది తప్పించుకోలేవు. రిలీజ్ ఆరు నెలలకొకసారి వస్తుంది, నువ్వు వేసింది రిలీజ్ అయితే నీ సమస్య ఈ మధ్యలో ఎవరో బాగు చేసేసి ఉండొచ్చు. 2019లో వచ్చిన 6.6 నుంచి సిస్‌అప్‌గ్రేడ్ ఉంది, దానికి మైనస్ ఎస్ ఇస్తే స్నాప్‌షాట్‌కి పోతుంది, కానీ పోయినాక మళ్ళా పాత రిలీజ్‌కి వెనక్కి రావడం కుదరదు, కాబట్టి కాలేజీ ప్రాజెక్టు దాంట్లోనే ఉంటే ముందు బ్యాకప్ తీసుకో. బయోస్ పాతదైతే అది కూడా అప్‌డేట్ చెయ్, చాలా ఏసీపీఐ సమస్యలు అక్కడే పోతాయి. ఇంకా, రిచీ స్ట్రీట్ మెషీన్ అన్నావు, ర్యామ్ ఒక రాత్రి మెమ్‌టెస్ట్‌లో పెట్టి చూడు, డిస్క్ ఆరోగ్యం స్మార్ట్‌మోన్‌టూల్స్‌తో చూడు. మే నెలలో మన తిరుపతి ఎండకి గదిలో ఫ్యాన్ గాలే వేడిగా ఉంటుంది, లోపల దుమ్ము పట్టిన ల్యాప్‌టాప్ కంపైల్ పెట్టగానే వేడెక్కి తనకు తానే ఆగిపోతే అది కెర్నల్ బగ్ కాదు, థర్మల్ పేస్ట్ ఎండిపోయింది. సెన్సార్స్ చూస్తా ఉంటే తెలిసిపోతుంది. చెడిపోయిన ర్యామ్ వల్ల వచ్చిన క్రాష్‌ని వెతుక్కుంటా ఒక డెవలపర్ రెండు రాత్రులు పోగొట్టుకున్నాడంటే తర్వాత నీ పేరు చూస్తే తెరవడు.

బగ్ కానివి బగ్ అనొద్దు కూడా. బ్లూటూత్ రావట్లేదని రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, 2014లోనే ఆ కోడ్ తీసేశారు నాయనా, నీ బ్లూటూత్ చిప్పు డీమెసేజ్‌లో యూజెన్ (వేరే డ్రైవర్ లేని యూఎస్‌బీ వస్తువులకి వచ్చే పేరు) అని కూర్చుంటుంది, అంతే. ఎన్‌విడియా గ్రాఫిక్స్‌కి యాక్సిలరేషన్ లేదు, అది కూడా అంతే. వైఫై రాకపోతే ముందు ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్ రన్ చేశావా చూసుకో, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలికి ఎక్కించే ప్రోగ్రాం) లేకుండా ఇంటెల్ కార్డులు కదలవు. వైఫై లేకుండా ఫర్మ్‌వేర్ ఎట్లా దించుకోవాలి అంటావా, ఆండ్రాయిడ్ ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ పెట్టు, యూఆర్ఎన్‌డిస్ అని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ వచ్చేస్తుంది, దాని మీద దించుకో.

ఇవన్నీ అయినాక సెండ్‌బగ్, బగ్ రిపోర్టు పంపే కమాండ్. దీన్ని రూట్‌గా రన్ చెయ్, అప్పుడే డీమెసేజ్‌తో పాటు పీసీఐ వివరాలు, యూఎస్‌బీ వివరాలు, ఏసీపీఐ టేబుల్స్ అన్నీ తనే తగిలిస్తుంది. నీ టచ్‌ప్యాడ్‌కీ మూతకీ ఆ ఏసీపీఐ టేబుల్సే ముఖ్యం, అవి లేకుండా పంపితే మొదటి జవాబు "అవి పంపు" అనే వస్తుంది. ఎడిటర్లో ఒక ఫారం తెరుచుకుంటుంది, సినాప్సిస్, డిస్క్రిప్షన్, హౌ టు రిపీట్, ఫిక్స్ అని. హౌ టు రిపీట్ దగ్గర జనం జాస్తి బద్ధకిస్తారు, అక్కడే శ్రద్ధ పెట్టాలి. "బూట్ చేశాను, లాగిన్ అయ్యాను, ఎక్స్ మొదలుపెట్టకుండా కన్సోల్లో జడ్‌జడ్‌జడ్ కొట్టాను, పవర్ లైటు మెల్లగా ఆరి వెలుగుతోంది, పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ రాలేదు, క్యాప్స్‌లాక్ లైటు మారుతోంది, ప్రతిసారీ ఇట్లాగే" అని కథలాగా వరసగా రాయి. ఫిక్స్ దగ్గర తెలీకపోతే తెలీదని రాయి, ఊహలు రాయొద్దు. టచ్‌ప్యాడ్‌కి ఒక రిపోర్టు, మూతకి వేరే రిపోర్టు, రెండూ ఒకే మెయిల్లో కలిపినావంటే ఒకరు టచ్‌ప్యాడ్ గురించి మాట్లాడి మూసేస్తారు, మూత సంగతి గాలికి పోతుంది. ఇంగ్లీష్ గురించి భయం వద్దు, అక్కడ రాసేవాళ్ళల్లో చాలామందికి అది సొంత భాష కాదు. పొట్టి వాక్యాలు, "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" లాంటివి తీసేయ్, "రెస్పెక్టెడ్ సర్" కూడా అక్కర్లేదు.

మెషీన్ పానిక్ అయి (కెర్నల్ కూలిపోయి) డీడీబీ అనే డీబగ్గర్ ప్రాంప్ట్‌లో నిలబడితే చాలామంది పవర్ బటన్ నొక్కి పట్టుకుంటారు, సాక్ష్యం మొత్తం పోతుంది. అక్కడే షో పానిక్, ట్రేస్, పీఎస్ కొట్టి ఒక్కోదానికీ ఫోన్లో ఫోటో తీసుకో, కోర్లు ఎక్కువుంటే మెషీన్ డీడీబీసీపీయూ అని కోర్ నంబరు ఇచ్చి దాని ట్రేస్ కూడా. ఫోటోలు చాలు గానీ ముఖ్యమైన లైన్లు చేత్తో టైప్ చేసి మెయిల్లో పెడితే తర్వాత వెతికేవాళ్ళకి దొరుకుతుంది.

పంపినాక అయిపోలేదు, నిజం చెప్పాలంటే అప్పుడే మొదలు. ఎవరో ఒకాయన రెండే లైన్లు రాసి కింద ఒక డిఫ్ పెట్టి "ఇది ట్రై చెయ్" అంటాడు. ఇక్కడే తొంభై శాతం మంది మాయమైపోతారు, సెమిస్టర్ అంటారు, మెషీన్ అమ్మేశామంటారు. నువ్వు మాయం కాకుండా ఉంటే చాలు, వాళ్ళకి గుర్తుండిపోతావు. కెర్నల్ కట్టడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. స్నాప్‌షాట్‌కి సరిపోయే కరెంట్ (అంటే తాజా) సోర్సు తెచ్చుకో, ప్యాచ్ కమాండ్‌తో డిఫ్ ఎక్కించు, నీ ఆర్కిటెక్చర్ ఫోల్డర్లో జెనరిక్ డాట్ ఎంపీలోకి పోయి మేక్ ఓబీజే, మేక్ కాన్ఫిగ్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. పాత కెర్నల్ ఓబీఎస్‌డీ అనే పేరుతో మిగులుతుంది, కొత్తది లేవకపోతే బూట్ ప్రాంప్ట్ దగ్గర బూట్ ఓబీఎస్‌డీ అని కొట్టి పాతదాంట్లోకి వచ్చేయ్. కరెంటు పోయేటట్టు ఉంటే బ్యాటరీ ఫుల్లుగా పెట్టుకో, మేక్ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే లేనిపోని తలనొప్పి. ఫలితం రాసేటప్పుడు "వర్క్స్" అని ఒక్క మాట కాదు, కొత్త డీమెసేజ్ పెట్టు, ఏది మారిందో చెప్పు, ఏది మారలేదో కూడా చెప్పు. టచ్‌ప్యాడ్ కదిలింది గానీ రెండు వేళ్ళ స్క్రోల్ రాలేదు అంటే అది రాయి.

తిడతారా అన్నావు. తిట్టరు, కానీ బుజ్జగించరు. "నో", "రాంగ్", "రీడ్ ద మ్యాన్ పేజ్" (కమాండ్ వాడకం రాసుండే పేజీ చదువు) ఇట్లా వస్తాయి జవాబులు, మన దగ్గర సీనియర్ అట్లా అంటే అహం దెబ్బతింటుంది, అక్కడ అది మామూలు మాట, కోడ్ గురించి అంటున్నారు నిన్ను కాదు. నాకైతే ఆ పద్ధతే హాయి, తేనె పూసి రెండు నెలలు నానబెట్టడం కంటే. జవాబే రాకపోతే రెండు వారాలాగి డిఫ్ తాజా సోర్సు మీద మళ్ళా తీసి మర్యాదగా ఒకసారి గుర్తు చెయ్, రోజూ "ఎనీ అప్‌డేట్" అని తగులుకోవద్దు. గిట్‌హబ్‌లో కనిపించేది అద్దం కాపీ మాత్రమే, అసలు సోర్సు సీవీఎస్ అనే పాత పద్ధతిలో ఉంటుంది, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (మార్పు కలుపుకోమని అడగడం) పెడితే ఎవరూ తీసుకోరు, డిఫ్ మెయిల్లోనే పోవాలి.

చిన్న ఫిక్స్‌లు అంటే మ్యాన్ పేజీలు మంచి చోటు. ఈ ప్రాజెక్టులో డాక్యుమెంట్ తప్పు కూడా బగ్ కిందే లెక్క. కానీ స్పెల్లింగ్ వేటకి పోయి యాభై ఫైళ్ళలో కామాలు మార్చి ఒకే డిఫ్‌గా పంపొద్దు, చదివేవాడికి శిక్ష. నువ్వు నిజంగా వాడిన కమాండ్‌లో, నువ్వు నిజంగా ఇరుక్కున్న చోట చూడు. కమాండ్‌కి ఒక ఆప్షన్ ఉంది, యూసేజ్ లైనులో కనబడుతోంది, మ్యాన్ పేజీలో లేదు, అట్లాంటివి. ఎగ్జాంపుల్ కాపీ చేసి కొడితే ఎర్రర్ వస్తోంది, అట్లాంటివి. మార్చినాక మ్యాన్‌డాక్‌కి మైనస్ టీ లింట్ ఇచ్చి చూస్తే మార్కప్ తప్పులు తనే చెప్తుంది. సీ ఫైలు ముట్టుకుంటే స్టైల్ అనే మ్యాన్ పేజీ ముందు చదువు, ట్యాబ్ ఎక్కడ, నాలుగు స్పేసులు ఎక్కడ, ఎనభై కాలమ్స్ దాటకూడదు, అన్నీ దాంట్లో ఉన్నాయి. ఒక డిఫ్‌లో ఒక్క విషయమే ఉండాలి, దారిలో కనబడిన ఇంకో తప్పు వేరే డిఫ్. ఇంకా ఈ రోజుల్లో చాట్‌బాట్‌ని అడిగి ప్యాచ్ రాయించి పంపేవాళ్ళు తయారయ్యారు, "ఈ లైను ఎందుకు" అని వాళ్ళు ఒక్క ప్రశ్న అడిగితే నీ దగ్గర జవాబుండాలి, లేకపోతే పంపొద్దు.

తెలుగు వాళ్ళుగా మనం మాత్రమే చూడగలిగినవి కూడా ఉన్నాయి, వీటిని ఎవరూ పట్టించుకోరు. ఎక్స్‌లో తెలుగు కీబోర్డ్ లేఅవుట్ ఇండియా లేఅవుట్ కింద వేరియంట్‌గా ఉంది, దాంట్లో ఏ కీ ఏ అక్షరం ఇస్తోందో, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో చూసేది మనమే కావాలి. నకారపొల్లు (పొల్లు న రాసే పాత గుర్తు) 2021లో యూనికోడ్ 14లో చేరింది, నీ సిస్టమ్‌లో ఉన్న ఫాంటులో అది అక్షరంలా వస్తోందా, డబ్బాలా వస్తోందా? టెర్మినల్లో తెలుగు ఫైలు పేర్లు పెట్టి లిస్ట్ తీస్తే కాలమ్స్ ఎట్లా చెదిరిపోతాయో చూడు. అయితే ఇవి చాలాసార్లు ఓపెన్‌బీఎస్‌డీ తప్పు కాదు, ఫాంటు వాళ్ళదో ఎక్స్ వాళ్ళదో, ఎవరిదో తెలుసుకుని అక్కడికి పంపాలి. ఇక్కడ తప్పయితే ఇక్కడికి. పోర్ట్స్ అని అప్లికేషన్ ప్యాకేజీల వైపు కూడా పని చాలా ఉంది, పాత వెర్షన్ దగ్గర ఆగిపోయిన చిన్న ప్రోగ్రాం కొత్త వెర్షన్‌కి తేవడం లాంటిది, నువ్వు రోజూ వాడేది అయితేనే ఎత్తుకో.

లినక్స్ వాడే ఫ్రెండ్స్‌కి చెప్పాలంటే దారి వేరే గానీ పద్ధతి ఇదే. అక్కడ ముందు నీ డిస్ట్రిబ్యూషన్ వాళ్ళకి చెప్పాలి, డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ ఉంది. కెర్నల్‌కే పంపాలంటే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ రన్ చేసి, గెట్ మెయింటెయినర్ స్క్రిప్ట్ చెప్పిన వాళ్ళకి పంపాలి, కింద సైన్డ్ ఆఫ్ బై అని నీ పేరు ఉండాలి. కోడ్ రాయకపోయినా రిపోర్టెడ్ బై, టెస్టెడ్ బై అని కమిట్‌లో నీ పేరు ఎక్కుతుంది.

రెజ్యూమే గురించి, పెట్టుకో, ఎందుకు పెట్టుకోకూడదు. "ఓపెన్‌బీఎస్‌డీ కంట్రిబ్యూటర్" అని పెద్దక్షరాలతో కాదు, ఏ ఫైలులో ఏ మార్పు, కమిట్ లింకు, అంతే. ఇంటర్వ్యూ చేసేవాళ్ళల్లో తెలిసినోడు ఉంటే ఆ లింకు తెరిచి చూస్తాడు, తెలియనోడికి ఏం రాసినా ఒకటే. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ఈ ప్రాజెక్టు నుంచే వచ్చిందని ఒక మాట అంటే చాలామందికి వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే దాన్ని అందరూ వాడతారు.

మెయిల్ సంగతి ఒకటి మిగిలింది, ఇది తెలియక మంచి డిఫ్‌లు పాడవుతాయి. జీమెయిల్ వెబ్‌పేజీలో డిఫ్ పేస్ట్ చేస్తే ట్యాబ్‌లు స్పేసులైపోతాయి, పొడుగు లైన్లు విరిగిపోతాయి, అవతలివాడు ప్యాచ్ కొడితే ఎక్కదు. డీమెసేజ్‌కీ అదే గతి. ఇంటి కనెక్షన్ నుంచి నేరుగా మెయిల్ పంపినా చాలా సర్వర్లు తీసుకోవు. అందుకని ఓపెన్‌బీఎస్‌డీలో ముందే ఉండే ఎస్ఎంటీపీడీ అనే మెయిల్ సర్వర్‌ని జీమెయిల్ ద్వారా రిలే చేసేటట్టు పెట్టుకో, జీమెయిల్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, మామూలు పాస్‌వర్డ్ పని చేయదు. అప్పుడు సెండ్‌బగ్, మట్ అనే మెయిల్ ప్రోగ్రాం, గిట్ సెండ్‌ఈమెయిల్ అన్నీ దాని మీదే పోతాయి. మొదట డిఫ్‌ని నీకే ఒకసారి పంపుకో, వచ్చిన మెయిల్‌ని ఫైలుగా దాచి శుభ్రమైన సోర్సు మీద ప్యాచ్ ఎక్కుతోందా చూసుకుని తర్వాతే వాళ్ళకి పంపు. కాలేజీ వైఫైలో మెయిల్ బయటికి పోయే 587 పోర్టు మూసేసి ఉంటారు చాలాచోట్ల, మెయిల్ క్యూలోనే కూర్చుంటే స్మార్ట్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడు.